మా అమ్మకు నడక నేర్పడం

మా అమ్మ బీపీ ఇంట్లో ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. విశాఖపట్నంలో కంటి ఆసుపత్రి మెట్లు ఎక్కగానే దానికి పూనకం వస్తుంది. ఇందులో వింతేమీ లేదు, చాలామందికి అంతేనని డాక్టరు చెప్పారు. కానీ మా అమ్మ నర్సు. అరకు చుట్టుపక్కల కొండ ఊళ్ళు తిరిగి, జనం చేతులకు బీపీ పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డ నొక్కి, "ఏటీ నేదు, బానే ఉంది, ఉప్పు తగ్గించు" అని చెప్పడం ఆవిడ ఉద్యోగం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే పని. ఆ పట్టీ తన చేతి దాకా వచ్చేసరికి మాత్రం, ఎవరో తేలును తెచ్చి చుడుతున్నట్టు చూస్తుంది.

రెండు కళ్ళలోనూ శుక్లాలు. ముందు కుడి కన్ను చేస్తామన్నారు. రెండుసార్లు తేదీ ఇచ్చారు. రెండుసార్లూ కంట్లో చుక్కలు వేసి, బీపీ చూసి, ఉలిక్కిపడి, ఇంటికి పంపేశారు. ఆ చుక్కల దెబ్బకు తిరుగు ప్రయాణంలో లోకమంతా తెల్లగా అలుక్కుపోయి కనబడుతుంటే, "అరకొచ్చీసినట్టుంది, దిగిపోదామా?" అంది. రైలు అప్పటికింకా కొత్తవలస దాటలేదు.

రెండోసారి డాక్టరు మాత్రల మోతాదు పెంచి, "రోజూ నడవండమ్మా. మనసు ప్రశాంతంగా ఉంచుకోండి" అన్నారు.

"డాక్టరు బాబూ, నాకు జీతవే నడవడానికిత్తన్నారు," అంది అమ్మ.

"అది డ్యూటీ అమ్మా. నేను చెప్పేది నడక."

రెండింటికీ తేడా ఏమిటో ఆయన చెప్పలేదు. మూడోసారి తేదీ రాసిచ్చి, ఈసారీ బీపీ ఇలాగే ఉంటే గుండె పరీక్షలన్నీ అయ్యాకే కన్ను సంగతి చూద్దామన్నారు. అది ఎన్నాళ్ళు పడుతుందో కూడా చెప్పలేదు.

రైల్లో చాలాసేపు కిటికీలోంచి ఏమీ చూడకుండా చూస్తూ కూర్చుని, టైడా దాటాక అమ్మ మామూలు గొంతుతో ఒక మాట చెప్పింది. "టీకా బుడ్డీ మీద అచ్చరాలు కనబడ్డం నేదే నాకు. ఆశా వర్కరు గుంట సదివి పెడతంది. రెండుసార్లు సదివించి, అప్పుడు ఏత్తన్నాను. ఎన్నాళ్ళిలాగ? ఒక పిల్లకి ఒకటికి బదులు ఇంకోటి ఏసీసినాననుకో. ఈసారి కూడా కాపోతే సెలవు పెట్టీసి ఇంట్లో కూకుంతాను. ఇంక కొండెక్కను."

మా అమ్మ కొండెక్కకపోతే ఏం చేస్తుందో నాకు తెలుసు. నన్ను ఎక్కుతుంది. కాబట్టి ఈ బాధ్యత నేను తీసుకున్నాను.

నా అర్హతలేమిటో కూడా చెప్పాలి. నేను విశాఖపట్నంలో ఒక కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను. ఇల్లు అంటే మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన సిగ్నలు దొరికే ఒక మూల. నాన్నకు కొత్తవలసలో ఉద్యోగం, ఆదివారం వచ్చి సోమవారం పోయే చుట్టం. కిందటేడాది మేమంతా జీతాలు పెంచమని అడిగితే, ఆఫీసువాళ్ళు ధ్యానం నేర్పే ఒకాయన్ని పిలిపించారు. ఆయన చెప్పిందేమిటంటే, ధ్యానానికి కళ్ళు మూసుకుని కూర్చోనక్కర్లేదు. గిన్నె తోముతూ గిన్నె తోముతున్నానని తెలుసుకోవాలి. నడుస్తూ నడుస్తున్నానని తెలుసుకోవాలి. అడుగు మీద, ఊపిరి మీద ధ్యాస ఉంటే చాలు. జీతం పెరగలేదు. కానీ ఆ మూడు ముక్కలూ నా దగ్గర మిగిలిపోయాయి. వాడకపోతే పాడైపోతాయి కదా.

మొదట గిన్నెలతో మొదలుపెట్టాను.

"అమ్మా, ఇప్పుడు నేను గిన్నె తోముతాను. చూడు. చేతికి నీళ్ళు చల్లగా తగులుతున్నాయి, అది తెలుసుకుంటున్నాను. పీచు గరగరలాడుతోంది, అదీ తెలుసుకుంటున్నాను."

"అడుగంటింది. అది తెలుసుకున్నావా?"

"అది కూడా తెలుసుకుంటాను. ఒక్కొక్కటి."

"ఒక్కొక్కటి తెలుసుకునేసరికి కుళాయి ఆగిపోద్ది. బేగి కానీ."

డిసెంబరు నెలలో, అరకులో, పొద్దున్నే కుళాయి నీళ్ళు చేతికి తగిలితే ధ్యాస దానంతటదే వస్తుంది. వేళ్ళు ఉన్నాయో లేవో అన్న ధ్యాస. అయినా పట్టు వదల్లేదు. తోమడం నాదే, ఊడవడం నాదే. అమ్మ తన వంతుగా చేయవలసిందల్లా కూర్చుని, నేను ఎంత నింపాదిగా ఊడుస్తున్నానో చూసి, తన ఊపిరిని గమనించుకోవడం. మా ఇల్లు రెండు గదులు. చీపురు ప్రతి విసురునూ గమనిస్తూ ఊడిస్తే పొద్దెక్కేదాకా పట్టేది. చివర్లో అమ్మ నలుమూలలా చూసి, "అద్దంలాగ ఊడ్సినావే గుంటా! నీకింత ఓపికుందని నాకు తెల్దు," అనేది. నేను కూడా నాలో ఏదో మార్పు వస్తోందనే అనుకున్నాను. ఈ మెప్పు సంగతి గుర్తు పెట్టుకోండి.

తరవాత నడక.

టీకాల రోజు వచ్చింది. ఆటో రోడ్డు చివరిదాకా వస్తుంది. అక్కణ్ణుంచి కాఫీ తోటల మధ్యలోంచి కొండ మీది ఊరికి కాలిబాట. ఆశా కార్యకర్త టీకాల పెట్టె పట్టుకుని ముందే వెళ్ళిపోయింది. నేను అమ్మకు షరతులు చెప్పాను. మాట్లాడకూడదు. మెల్లగా నడవాలి. చూపు నేల మీద, ధ్యాస ఊపిరి మీద.

"దార్లో ఎవలైనా పలకరిత్తే?"

"నవ్వి, దణ్ణం పెట్టి, వెళ్ళిపో."

"ఎలచ్చన్లలో నిలబడినోలాగా?"

"అమ్మా!"

"సర్లే. నోరు మూసీసినాను."

ఇక్కడ మా దారుల సంగతి ఒకటి చెప్పకపోతే తరవాతది అర్థం కాదు. మైదానంలో బయల్దేరిన మనిషిని "ఎక్కడికి?" అని అడిగితే పని చెడుతుందని తిడతారు. కొండ మీద అడక్కపోతే తప్పు. సంత రోజున, సంత దారిలో, నెత్తిన బుట్టతో పోతున్న మనిషిని కూడా "సంతకా?" అని అడగాలి. "ఆఁ, సంతకే" అని ఆ మనిషి చెప్పాలి. అడిగిన మాటకు జవాబు చెప్పకుండా తల దించుకుని పోయే మనిషి ఒకే పని మీద పోతున్నట్టు లెక్క. ఎక్కడో ఎవరో పోయారు, ఆ కబురు మోసుకెళ్తున్నారు. దారిలో నలుగురికీ పంచకూడదు కాబట్టి నోరు విప్పరు.

ఇది నాకు తెలుసు. పుట్టి పెరిగింది ఇక్కడే. కానీ ఆ పూట నా ధ్యాసంతా ఊపిరి మీద ఉంది.

కట్టెల మోపుతో దిగుతున్న ఒకామె ఎదురైంది. "సిస్టరమ్మా, పైకేనా?" అంది. మా అమ్మ నా మొహం చూసి, నవ్వబోయి, అది కూడా తప్పేమోనని ఆపుకుని, దణ్ణం పెట్టి, మెల్లగా దాటిపోయింది. నవ్వు ఆపుకున్న మొహానికీ ఏడుపు ఆపుకున్న మొహానికీ దూరం నుంచి పెద్ద తేడా ఉండదు. ఆవిడ మోపు దించేసి, మా వెనకాలే నిలబడిపోయింది.

"ఎవలు పోనారు?" అని నన్నడిగింది.

"ఎవరూ పోలేదు. అమ్మ ధ్యానం చేస్తోంది."

"అయ్యో," అంది జాలిగా. ధ్యానమంటే ఏం రోగమో పాపం అన్నట్టు.

ఇంకో సంగతి. మా అమ్మ ఏ ఊరికీ మనిషిగా ముందు రాదు. గొంతుగా వస్తుంది. మలుపు తిరక్కుండానే, "ఒలే, పిల్లల్ని ఎత్తుకు రండే! వచ్చీసినాను!" అని కేక వేస్తుంది. ఆ కేకకు తల్లులు చంటివాళ్ళను ఎత్తుకుని బడి అరుగు దగ్గరికి చేరతారు. నడక వచ్చిన పిల్లలు కాఫీ మొక్కల్లోకి పారిపోతారు. ఇది ఏళ్ళ తరబడి రెండు పక్షాలకూ కుదిరిన ఒప్పందం. ఆ రోజు కేక లేదు. ఊరి నడిబొడ్డున సిస్టరమ్మ చడీచప్పుడు లేకుండా ప్రత్యక్షమైంది. పిల్లలకు పారిపోయే వ్యవధి దొరకలేదు. ఎన్నడూ దొరకని, బడి వయసు సూది బాకీ ఉన్న పిల్లలు కూడా ఆ పూట వరసగా దొరికిపోయి, నన్ను చూసి మరీ ఏడ్చారు. ద్రోహం ఎవరిదో పిల్లలకు తెలుస్తుంది.

ధ్యానం వల్ల ఒక లాభం కనబడిందని నేను సంతోషించేలోగా మిగతాది మొదలైంది. సిస్టరమ్మ మాట్లాడ్డం లేదు. సూదులన్నీ వేసేసింది, ఒక్కళ్ళనీ తిట్టలేదు. ఉప్పు తగ్గించమని కూడా చెప్పలేదు. మేము కొండ దిగేలోగా కబురు దిగిపోయింది. మా ఇంటికి చేరేసరికి అది మూడు రకాలుగా ఉంది. సిస్టరమ్మకు బదిలీ అయిందట. కాదు, నోరు పడిపోయిందట, పక్షవాతం. కాదు కాదు, ఏదో కొత్త జబ్బు వస్తోందట, చెప్పొద్దని పైనుంచి ఆర్డరట.

మర్నాడు మా ఇంటికి జనం. ఒకరు రాజ్మా గింజలు, ఒకరు అరటి గెల, ఒకరు కాళ్ళు కట్టిన కోడిపెట్ట. పై ఊరి చర్చి పాస్టరుగారు నోరు పడిపోయిన సోదరి కోసం ప్రార్థన చేయడానికి వచ్చారు. ఆయన వచ్చిన కాసేపటికే అదే ఊరి దిసారి వచ్చాడు. ఊరి దేవత పూజలూ, దిష్టి తీయడాలూ ఆయన చూస్తాడు. ఇద్దరూ మా అరుగు మీద చెరో పక్కన కూర్చుని, ముందు మీరు కానివ్వండి అంటే కాదు మీరు కానివ్వండి అనుకున్నారు. అమ్మ అందరికీ ఒక్కొక్కరికి విడివిడిగా, తనకు నోరు బాగానే ఉందని నోటితో చెప్పి రుజువు చేసుకోవలసి వచ్చింది. కాఫీ పెట్టడం నా వంతు. ఎన్నిసార్లు పెట్టానో చెప్పను, కానీ గ్లాసు కడుగుతున్నప్పుడు గ్లాసు కడుగుతున్నానని నాకు ప్రతిసారీ బాగా తెలిసింది.

సాయంత్రం అందరూ వెళ్ళాక అమ్మ చేతికి పట్టీ చుట్టాను. ఇంట్లో బుద్ధిగా ఉండే బీపీ మొట్టమొదటిసారి ఇంట్లో కూడా రెచ్చిపోయింది.

"ఎంతొచ్చింది?" అంది అమ్మ.

"బానే ఉంది. ఉప్పు తగ్గించు."

"ఆ మాట నాకు సెప్పకు. ఆ అబద్దం నాదే."

ఆ రాత్రి భోజనాల దగ్గర పోట్లాడుకున్నాం. నేను నీకోసమే చేస్తున్నానన్నాను. "నాకోసం సేత్తన్నావా, నన్ను ఏపుకు తింతన్నావా?" అంది. అసలు నువ్వు ఒక్క రోజైనా నా మాట విన్నావా అన్నాను. "నిన్నంతా నోరు మూసుకుని నీ మాటే కదే ఇన్నాను, ఊరంతా నాకు పాడె కట్టీసింది," అంది. కోడిపెట్ట మంచం కింద నుంచి ఇద్దరికీ మద్దతు పలికింది. చివరికి రాజీకి వచ్చాం. మాట్లాడుకోవచ్చు. నడక మాత్రం నేను చెప్పినట్టే, అడుగు అడుగూ గమనిస్తూ. తేదీ దగ్గర పడుతోంది, ఇంతకంటే కొత్త ఉపాయం నా దగ్గర లేదు.

అప్పటి నుంచి పొద్దున్నే, మంచు కాస్త విడిచాక, వలిసె చేల గట్ల మీద నడిచేవాళ్ళం. ఆ నెలల్లో లోయంతా పసుపు పూలు. వాటి మధ్య నిలబడి ఫొటోలు దిగడానికి ఎక్కడెక్కడి నుంచో కార్లలో వస్తారు. నడుము వంచి, తల వాల్చి, ఎవరో ఫొటో తీస్తున్నట్టు తెలియనట్టు నవ్వుతారు. అమ్మ వాళ్ళను దాటుతూ, "పసుపు సూడ్డానికి ఇంత దూరం రావాలేటి? నాకు ఏడాదంతా అన్నీ పసుపే," అనేది. శుక్లాలుంటే అన్నీ పసుపుగా కనబడతాయట. నేను నవ్వాను. అప్పటికది జోకే.

ఒక పొద్దున నేను కాస్త వెనకబడి, అమ్మ నడక చూస్తున్నాను. గట్టు తడిగా ఉంది. అమ్మ కుడి కాలు ఎత్తింది. గాల్లో ఒక క్షణం ఆపింది. ముందు మునివేళ్ళు నేలకు తాకించింది, తరవాత పాదం, ఆ తరవాత మెల్లగా బరువు. అది కుదురుకున్నాక గానీ ఎడమ కాలు కదల్లేదు. నోట్లో మాట లేదు. మొహంలో ఇంకో ఆలోచన లేదు. ఆ ఆఫీసు గురువుగారు ప్రొజెక్టరు మీద బొమ్మ వేసి చూపించిన నడక అచ్చం అదే. ఆయనకు కూడా అంత బాగా రాలేదు.

ఇన్నాళ్ళ నా అరుపులు వృథా కాలేదు. పరిగెత్తుకెళ్ళాను.

"అమ్మా! ఇదే! ఇదే నేను చెప్పింది! ఎప్పుడు పట్టుకున్నావు?"

"ఏటి పట్టుకోడం?"

"ఈ నడక! అడుగు మీద ధ్యాస!"

అమ్మ ఇటు తిరిగి నిలబడింది. నా వైపు కాదు, నా గొంతు వైపు. "గొయ్యెక్కడుందో కనబడక కాలితో ఎతుక్కుంతన్నానే," అంది.

పక్కనే, వర్షాకాలంలో గట్టు తెగిన చోట, మోకాటి లోతు గొయ్యి ఉంది. నాకు బాగానే కనబడుతోంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"వానల ముందు నుంచీ. మెట్ట ఎక్కేటప్పుడు పర్లేదు. దిగేటప్పుడే నేల ఎక్కడుందో తెల్దు."

అంటే నేను అమ్మ నోరు మూయించి కొండ ఎక్కించి, దించిన రోజు కూడా ఇంతే. ఎదురొచ్చినవాళ్ళతో మాట్లాడ్డం కబుర్లు కాదు, ఆవిడకు దారి. "సిస్టరమ్మా, అటు జారుతంది, ఇటు రా" అని వాళ్ళే చెప్పేవాళ్ళు. నేను ఆ దారి మూసేసి, ఊపిరి చూసుకోమన్నాను. అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"సెయ్యి ఒగ్గీయే," అంది అమ్మ. "సన్నపు గట్టు. ఇద్దరం పడతాం."

ఏడుద్దామంటే కూడా చోటివ్వని మనిషి.

ఆ పూట నుంచి నేను ముందు నడుస్తూ, కాలికింద ఏముందో పైకి చెప్పడం మొదలుపెట్టాను. "రాయి. చదును. నీళ్ళు. పేడ. మెట్టు, కిందికి. వేరు." అమ్మ వెనక నుంచి నా మాట పట్టుకుని మామూలు వేగంతో వచ్చేది, మధ్యలో ఊళ్ళో కబుర్లన్నీ చెబుతూ. "బస్సు కండక్టరులాగున్నావే. టికెట్టు కొట్టమంతావా?" అనేది. కండక్టరుకు కబుర్లు వినే తీరిక ఉండదు. రాయిని రాయిగా చూడకపోతే వెనక మనిషి పడుతుంది. అలా రోజుల తరబడి నేను నేలను తప్ప ఇంకేమీ చూడలేదు, ఆఫీసు గుర్తుకు రాలేదు, ఊపిరి ఎటు పోతోందో కూడా తెలియలేదు. ఇది ధ్యానమేనేమోనని ఒకసారి అనుమానం వచ్చింది. పైకి అనలేదు. అంటే ఊరుకునే మనిషి కాదు వెనకున్నది.

మూడోసారి ఇచ్చిన తేదీకి కిరండూల్ నుంచి వచ్చే రైలెక్కాం. అరకు దాటాక సొరంగాలు వరసగా వస్తాయి. సొరంగం రాగానే పెట్టెలో ఉన్న టూరిస్టులంతా గుండె ఆగిపోయినట్టు కేకలు పెడతారు. దేనికో ఎవరికీ తెలియదు. బొగ్గులాంటి చీకటి. ఆ కేకల మధ్యలో అమ్మ నా చెవి దగ్గర వంగి, "ఇప్పుడు నీకూ నాలాగే," అంది. రైలు వెలుతుర్లోకి వచ్చింది. నేను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. అమ్మ సంచిలోంచి వేరుశనగలు తీసి, పొట్టు నా ఒళ్ళో వేయడం మొదలుపెట్టింది.

ఆసుపత్రిలో నేను నోరెత్తలేదు. ఊపిరి, ధ్యాస, ప్రశాంతత, అన్నీ ఇంట్లో వదిలేసి వచ్చాను. అమ్మ చేతులు చల్లగా అయిపోయాయి. మూడోసారి కూడా పంపేస్తారని ఇద్దరికీ తెలుసు. ఎదుటి బల్ల మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది, మా వైపు కొండ మనిషే. తోడు వచ్చిన కొడుకు మందుల కోసం వెళ్ళాడట. ఆవిడ లేచి గుమ్మం వైపు నడవబోతోంది.

"ఎక్కడికమ్మా?" అంది అమ్మ. అడక్కుండా ఉండలేదు కదా.

"ఇంటికి. కన్ను పెరికీసి, కడిగీసి, మళ్ళీ పెడతారంట. నాకొద్దు."

"ఎవలు సెప్పినారు? వాడి కన్ను ముందు పెరకాలి. ఇలా కూకో." అమ్మ ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది. "పెరకరు, ఏటీ నేదు. సుక్కలేత్తారు, మొద్దుబారిపోద్ది. సీమ కుట్టినట్టుంతది, అంతే. అంతలో అయిపోద్ది. నాను సూసినాను కదా."

చూడలేదు. ఆపరేషను గది గుమ్మం దాకా కూడా వెళ్ళలేదు. ఆ చీమ ఏ చీమో నాకు బాగా తెలుసు. అమ్మ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ప్రతి చంటిపిల్ల తల్లికీ చెప్పిన చీమ. కుట్టించుకున్న పిల్లలెవరూ దాన్ని చీమ అని ఒప్పుకోలేదు. కానీ తల్లులు నమ్మేవాళ్ళు, ఆ గొంతును బట్టి. ఇప్పుడూ అదే గొంతు. కొండ మలుపులో వినబడే గొంతు. హాలంతా తిరిగి చూసింది.

అదే సమయంలో ఒక కుర్ర నర్సు వచ్చి అమ్మ చేతికి పట్టీ చుట్టింది. అమ్మ చెయ్యి ఆ అమ్మాయికి ఇచ్చేసి, మొహం ముసలమ్మ వైపే ఉంచి, కన్ను బాగయ్యాక మనవరాలి జడ ఎంత బాగా వేయొచ్చో చెబుతూ పోయింది. మాట్లాడుతుండగా బీపీ చూడకూడదు, ఎక్కువ చూపిస్తుంది. ఇది ఊరూరా అందరికీ చెప్పింది మా అమ్మే. నేను ఆ నర్సుకు గుర్తు చేయలేదు. జీవితంలో మొదటిసారి నోరు మూసుకోవడంలోని లాభం నాకు అర్థమైంది.

"బానే ఉందమ్మా," అంది నర్సు.

అప్పటికి గానీ అమ్మకు చెయ్యి గుర్తుకు రాలేదు. "బానే అంటే? నానూ అందరికీ అదే సెప్తాను. నెంబరు సెప్పు."

నర్సు నెంబరు చెప్పింది. అమ్మ నమ్మలేదు. మళ్ళీ చూడమంది. రెండోసారి కూడా పెద్దగా తేడా రాలేదు. అమ్మ మాట రాక, మొట్టమొదటిసారి నిజంగానే నోరు పడిపోయి, నా వైపు తిరిగింది.

పేరు పిలిచారు. లోపలికి తీసుకెళ్తున్న ఆయా చెయ్యి పట్టుకోబోతే వదిలించుకుంది. గుమ్మం దగ్గర ఆగింది. వెనక్కి తిరగలేదు. అలాగే నిలబడింది.

"గడప," అన్నాను నేను. "చిన్నదే. తరవాత అంతా చదును."

కాలు ఎత్తి దాటింది. తలుపు పడింది.

నేను వరండాలో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాను. ఎంతసేపో తెలియదు. తల దించుకుని, మెల్లగా, ఒక పలక తరవాత ఇంకో పలక. ఎవరో ఏదో అడిగినట్టున్నారు, నేను పలకలేదు. చివరికి ముసలమ్మ లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఎవలు పోనారే గుంటా?" అంది మెల్లగా.

"ఎవరూ పోలేదమ్మా," అనబోయాను. ఇంతలో తలుపు వెనక నుంచి, మనిషి కంటే ముందు, గొంతు వచ్చింది. "కుర్చీలో కూకోబెట్టి తోసుకెల్లకు బాబూ, కన్ను కదా సేసినారు, కాళ్ళు బానే ఉన్నాయి!"

ముసలమ్మ తృప్తిగా తలూపి తన వంతుకు వెళ్ళి కూర్చుంది.

మర్నాడు కట్టు విప్పి, నల్లద్దాలు పెట్టి పంపించారు. కొన్నాళ్ళు వంగకూడదు, బరువులెత్తకూడదు, దుమ్ములోకి పోకూడదు, కొండ అసలే ఎక్కకూడదు. ఆ తరవాత మామూలేనన్నారు. రైల్లో అమ్మ కిటికీ పక్కన కూర్చుని చూస్తూ వచ్చింది. వలిసె చేలు వచ్చినప్పుడు కళ్ళద్దాలు కాస్త కిందికి జార్చి, ఎడమ కన్ను ఒకసారి, కుడి కన్ను ఒకసారి చేత్తో మూసి చూసుకుంది. "నిజంగానే పసుపే," అంది.

ఇంటి తలుపు తీశాను. అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. భావోద్వేగమేమో అనుకుని సంచి కింద పెట్టి దగ్గరికి వెళ్ళాను. అమ్మ ముందు నా మొహం చూసింది, చాలాసేపు. "ఇలా పీక్కుపోనావేటే?" అంది. నాకు కళ్ళు చెమర్చబోయాయి. ఆ చూపు నా భుజం మీదుగా జారి, గోడ వెంబడి పైకి వెళ్ళి, దూలం దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి మూలకు. మూల నుంచి మంచం కిందికి.

"ఈ ఇల్లు ఎవలూడ్సినారు?"

"నేనే. రోజూ. నీ ఎదురుగానే కదా?"

"ధ్యాస పెట్టి?"

"ధ్యాస పెట్టే."

"ఎవుడి మీద?"

దూలానికి బూజు, మా ఇంటికంటే ముందు కట్టినంత దిట్టంగా ఉంది. మంచం కింద కోడిపెట్ట దాని సొంత ఊరు ఒకటి ఏర్పాటు చేసుకుంది. గిన్నెల సంగతి అమ్మ వంటింట్లోకి వెళ్ళి, ఒక్కొక్కటి వెలుతురుకు ఎత్తి చూశాక బయటపడింది. అడుగంటిన గిన్నె, తెలుసుకోబడిందే గానీ తోమబడలేదు.

దుమ్ములోకి పోకూడదు కాబట్టి అమ్మ అరుగు మీద కుర్చీ వేయించుకుని, నల్లద్దాలు సర్దుకుని, తలుపులోంచి లోపలికి చూస్తూ కూర్చుంది. నాకు చీపురు అందించారు. ఎవరందించారని అడక్కండి, ఇంట్లో ఇద్దరమే.

"మూల," అంది అమ్మ కండక్టరులాగ. "మంచం కింద. తలుపెనకాల. పైన, పైన. ఎడంపక్క. నేదు, ఇంకా ఉంది."

ఊడుస్తున్నాను, ఊడుస్తున్నానని నాకు చాలా స్పష్టంగా తెలుస్తోంది. ఇది ఒక్క కన్నే. వచ్చే నెల ఎడమ కన్ను కూడా చేస్తామన్నారు. అది తలుచుకుంటేనే నాకు బీపీ పెరుగుతోంది.